సెమీఫైనల్ నాటి కరెంటు

పోయిన వారం షారోన్‌ను ఊరి బయట కల్వర్టు మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉందేమో అని బాధపడుతున్నవాళ్ల కోసం జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

షారోన్‌ది మంచిర్యాలకు అవతల ఉన్న ఇప్పలవాగు. కరెంటు డిపార్టుమెంటులో జూనియర్ లైన్‌మన్. ఆడమనిషి లైన్‌మన్ ఏమిటని నవ్వేవాళ్లకు, ఆర్డరు కాగితంలో అలాగే రాసి ఉందని చెప్పడం తప్ప ఆమె దగ్గర వేరే జవాబు లేదు. స్తంభాలెక్కే పిల్లను చేసుకుంటే రేపు మా నెత్తెక్కుతుందని రెండు మూడు సంబంధాలు వెనక్కి పోయాయి కూడా. తండ్రి తోమాసు అదే డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తల్లి వీళ్ల చిన్నతనంలోనే పోయింది. తమ్ముడు స్టీఫెన్ కబడ్డీ ఆడతాడు. సెలవుల్లో గ్రౌండులో ఆడే కబడ్డీ కాదండీ, బొంబాయిలో వేలం పెట్టి ఆటగాళ్లను కొనుక్కుని, టీవీలో చూపిస్తారే, ఆ కబడ్డీ.

నెలన్నర కిందటి గాలివానకు వాగు అవతల తీగ తెగింది. షారోన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకుంది. ఎల్‌సీ అంటారు దాన్ని. దాని కట్టుబాటు ఒక్కటే. ఎవరు తీసుకున్నారో వాళ్లే మళ్లీ ఫోన్ చేసి, పని అయింది, మావాళ్లందరూ దిగారు అని చెప్పి వాపస్ ఇయ్యాలి. అప్పటిదాకా లైనులోకి కరెంటు వదలడానికి లేదు. కాంట్రాక్టు మీద పనిచేసే ఓంప్రకాశ్ స్తంభం ఎక్కాడు. తీగను స్తంభానికి పట్టి ఉంచే పింగాణీ ఒకటి పగిలి ఉందని పైనుంచి చెబితే, ఇంట్లో దాచిన కొత్తది తేవడానికి షారోన్ స్కూటీ మీద ఇంటికి వెళ్లింది. తిరిగి వస్తూ కల్వర్టు దాటుతుండగా వెనక ఊరు ఊరంతా ఒక్కసారి వెలిగింది. ఊళ్లో జనం కేకలు వేస్తున్నారు, టపాసులు కాలుస్తున్నారు. స్టీఫెన్ జట్టు సెమీఫైనల్ ఆట మొదలైంది. ఓంప్రకాశ్ స్తంభం కింద ప్రాణం లేకుండా పడి ఉన్నాడు.

ఎల్‌సీ వాపస్ ఇచ్చింది షారోనే అని సబ్‌స్టేషన్ ఆపరేటర్ రాజేశం రాసిచ్చాడు. ఆ సమయానికి వాళ్ల ఇంట్లోని ఫోన్ నుంచే కాల్ వెళ్లింది, షారోన్ కూడా ఇంట్లోనే ఉంది. ఇంకేం కావాలి? ఆ ఫోన్ తాను చేశానని, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగి పెట్టేశానని తోమాసు కూతురితో అన్నాడు. కూతురు నమ్మింది. ఊళ్లో మాత్రం ఎవరూ ఆమెను నమ్మలేదు. సస్పెండ్ చేశారు. సోమవారం మంచిర్యాల ఆఫీసులో ఆఖరి విచారణ. అక్కడ తేలేది ఉద్యోగం ఒక్కటే కాదు, ఒక మనిషి ప్రాణం తీసిన మనిషి అన్న పేరు ఆమెకు ఉండిపోతుందా పోతుందా అన్నది కూడా.

ఆ సోమవారానికి ముందు ఆదివారం ఇది. ఇప్పలవాగు మెథడిస్టు గుడిలో కోత పండుగ.

కోత పండుగ సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఇళ్లకు పంట చేరాక మొదటి ఫలాలు దేవుడికి తెస్తారు. గుడి గుంజలకు వరికంకులు కట్టారు. పీఠం ముందు మక్క కంకులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ అక్కడే వేలం వేస్తారు. బజారులో ఏ ధర పలుకుతుందో ఎవరూ చూడరు. ఒకడు సొరకాయను పాడి కొని, మళ్లీ దేవుడికే ఇచ్చేస్తే దాన్నే ఇంకోసారి పాడతారు. ఎంత ఎక్కువ పాడితే అంత గొప్ప. ఆ వచ్చిన పైసలతో గుడికి సున్నమో, కష్టంలో ఉన్నవాళ్లకు సాయమో. ఈసారి వచ్చేదంతా ఓంప్రకాశ్ భార్య భూమికకు ఇద్దామని పాస్టరు బెంజమిన్ అయ్యగారు ముందే చెప్పారు. భూమిక వాళ్లది ఈ గుడి కాదు. అయినా దుఃఖానికి గుడి ఏమిటన్నారాయన. మంచి మాటే.

షారోన్ అందరికంటే ముందే వచ్చి ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుంది. జనం వచ్చేకొద్దీ ముందు చాపలు నిండాయి, నడుమ చాపలు నిండాయి. ఆమె చాప మీదికి ఒక ముసలామె వచ్చి, పక్కన ఎవరో చూసుకుని, ఇక్కడ ఎండ కొడుతోందని లేచిపోయింది. ఎండ ఎక్కడిది, కిటికీలన్నీ మూసే ఉన్నాయి. షారోన్ తన సంచీ తీసి పక్కన పెట్టుకుంది, ఎవరికోసమో చోటు ఆపినట్టు కనిపిస్తుందని. నెలన్నరగా ఆమె నేర్చుకున్న తెలివి ఇలాంటిదే. కిరాణా కొట్టుకు మిట్టమధ్యాహ్నం పోవాలి, అప్పుడు ఎవరూ ఉండరు. బోరింగు దగ్గర ఎవరైనా ఉంటే బిందె పట్టుకుని వెనక్కి రావాలి. ఫోన్ మోగకపోతే దాన్ని తిప్పి చూసుకోకూడదు.

స్టీఫెన్ తెల్లారగట్ల కారులో వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అతణ్ని ఇంట్లో కాలు పెట్టనిస్తే కదా. ఆరాధనకు ముందు గుడి ముంగిట అతని చుట్టూ జనం మూగారు. గుడి లెక్కలు చూసే సదానందం, ఊళ్లో ఏ మాటైనా ఆయన నోటి నుంచే వచ్చేది, మా స్టీఫెన్‌ను బొంబాయిలో వేలం పాడిన్రు, ఇయ్యాల స్టీఫెన్ వచ్చి మా గుమ్మడికాయను పాడుతడు అని అందరినీ నవ్వించాడు. ఎవరో అడిగారు, ఒక్క సీజనుకు వీడికిచ్చేది ఒక లైన్‌మన్ సర్వీసంతా చేసినా రాదట కదా, ఇది న్యాయమేనా అని. సదానందానికి జవాబు సిద్ధంగానే ఉంది. కోట్లమంది చూస్తరు కనుక ఇస్తరు, స్తంభమెక్కేటోన్ని టికెట్ కొని ఎవడు చూస్తడు అన్నాడు. మళ్లీ నవ్వులు. తలుపు లోపలే చివరి చాప మీదున్న షారోన్‌ను ఎవరూ చూడలేదు. చూసినా ఆపేవాళ్లు కాదేమో.

ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే తమ్ముడి పైసల మీద ఆమెకు ఎప్పుడూ కన్ను లేదు. చిన్నప్పుడు వాడి మోకాళ్లకు పసుపు, సున్నం పట్టు వేసింది ఆమే. ఆట నేర్పేవాళ్లు ఎండాకాలం ఇసుకలో పాకిస్తే చర్మం ఊడి వచ్చేది, అయినా మళ్లీ పొద్దున్నే లేచి పోయేవాడు. ఆ కష్టం ఊరికే పోలేదని సంతోషించింది. కాకపోతే ఒక మాట ఆమె మనసులో మెదులుతూ ఉంటుంది. ఊరు చీకట్లో పడితే గంట సేపు ఆగలేక ఫోన్ల మీద ఫోన్లు కొట్టే ఈ మనుషులకు, ఆ గంటలో పైకెక్కేవాడు ఎవడో ఒక్కసారైనా ఎందుకు పట్టదని.

ఆరాధన మొదలైంది. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. ఇక సాక్ష్యాలు. దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందు చెప్పుకోవడం ఆ గుడిలో వాడుక. ఒకామె తన గొడ్డు బతికిందని చెప్పింది. ఒకాయన కొడుకు గనిలో పర్మనెంటు అయ్యాడని చెప్పాడు. తర్వాత అయ్యగారు స్టీఫెన్‌ను పిలిచారు.

స్టీఫెన్‌కు మాట్లాడటం రాదు. టీవీవాళ్లు మైకు పెడితే రెండు ముక్కలు చెప్పి తప్పుకుంటాడు. కానీ ఇక్కడ అంతా తనవాళ్లే. వాడి మొహం వెలిగిపోయింది. అమ్మ పోయినాక అక్కే తనను సాకిందన్నాడు, చివరి చాప వైపు చూసి నవ్వాడు. షారోన్ నవ్వింది. ఎన్ని రోజులైందో ఆమెను చూసి ఒకరు అలా నవ్వి.

"దేవుడు చేసిన ఒక మేలు చెప్త," అన్నాడు స్టీఫెన్. "సెమీఫైనల్ దినం నాకు మస్తు భయమైంది. మా బాపు చూస్తుండో లేడో అని. గా రాత్రి ఆట అయిపోంగనే ఫోన్ల బాపు చెప్పిండు. ఊర్ల కరెంటు లేకుండెనట. రాజేశం అన్నకు ఫోన్ కొట్టి, మా షారోన్ ఇంటికొచ్చింది, పని ఒడిసింది, లైన్ ఇయ్యిరా అన్నడట. రెండు నిమిషాల్ల ఊరంత ఎలుగు. నీ ఆట మొదటికెల్లి చూసిన కొడుకా అన్నడు. మీరందరు చూసిన్రని ఎర్కయినంక నాకు ధైర్యమొచ్చింది. ఫైనల్ల గదే ధైర్యంతోటి ఆడిన. దేవునికి స్తోత్రం."

ముందు చాపల్లోని పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు మూడు పెద్ద చేతులు కూడా కలిశాయి. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి.

స్టీఫెన్‌కు ఏమీ తెలియదు. ఫైనల్ అయ్యేదాకా వాడికి ఏదీ చెప్పొద్దని తోమాసే అందరి నోళ్లూ మూయించాడు. తర్వాత స్టీఫెన్ సన్మానాలని ఊళ్లు తిరిగాడు. లైను మీద ఒక మనిషి పోయాడనీ, అక్కకు ఆఫీసులో కొంచెం పరేషాన్‌గా ఉందనీ విన్నాడంతే. అది ఆ సాయంత్రమే అని ఎవరూ చెప్పలేదు. జనం ఎందుకు ఆగిపోయారో అర్థం కాక మైకు అయ్యగారి చేతికిచ్చి వచ్చి కూర్చున్నాడు.

షారోన్ తండ్రిని చూసింది. మగవాళ్ల వైపు మొదటి వరుసలో పెద్దల కుర్చీలో తోమాసు తల వంచుకుని ఉన్నాడు. ఆ మెడ వెనక భాగం చూడగానే ఆమెకు అంతా తెలిసిపోయింది. నెలన్నరగా ఆయన సరిగా తినడం లేదు. అన్నం కలిపి అలాగే వదిలేస్తున్నాడు. నా కోసమే కదా బాపు ఇంత కుమిలిపోతున్నాడు అనుకుంది. ఊరంతా వెలేసినట్టు చూస్తున్నా ఇంట్లో ఒక్క మనిషి నా బాధ పడుతున్నాడు కదా అని, ఆ ఒక్క ఆలోచన పట్టుకుని రాత్రిళ్లు నిద్రపోయింది. ఇప్పుడు ఆ ఒక్క మనిషి కూడా లేడు.

ఇక గుడిలో వాళ్ల సంగతి వినండి. విన్నారు. అందరూ విన్నారు. సెమీఫైనల్ ఏ రోజో, ఓంప్రకాశ్ పోయింది ఏ రోజో తెలియని మనిషి ఆ గోడల మధ్య స్టీఫెన్ తప్ప ఇంకొకరు లేరు. ఒక్కరైనా వెనక్కి తిరిగి షారోన్ వైపు చూస్తారేమోనని ఆమె ఎదురుచూసింది. ఒకామె తిరగబోయి, పిల్లవాడి చొక్కా గుండీ సర్దే పనిలో పడింది. సదానందం గొంతు సవరించుకుని, కాలం గడిచిపోతుంది అయ్యగారు, వేలం మొదలువెడుదామా అన్నాడు. సొరకాయ పైకెత్తాడు. ఎవరో పాట పెట్టారు, ఇంకెవరో పెంచారు. కాసేపట్లో ఎప్పటి నవ్వులే మళ్లీ వచ్చాయి. గుడికి కొత్త రేకులు వేయిస్తానని స్టీఫెన్ పొద్దున్నే మాట ఇచ్చాడు మరి. తోమాసు గుడి పెద్ద. వినీ విననట్టు ఉండటం అందరికీ తేలికైన పని.

షారోన్ లేచింది. చాపల మధ్య నుంచి నడిచి మగవాళ్ల వైపు పోయి తండ్రి కుర్చీ పక్కన నిలబడింది. తోమాసు కర్ర తీసుకుని లేచి ఆమె వెనకే గుడి పక్క గదిలోకి వచ్చాడు. అయ్యగారి అంగీలు తగిలించే చిన్న గది అది. తలుపు దగ్గరికి వేసినా వేలం పాట వినిపిస్తూనే ఉంది.

"కరెంటు ఎప్పుడొస్తదని అడిగిన, గంతే అన్నవు బాపు," అంది షారోన్.

తోమాసు గోడ వైపు తిరిగాడు. దానికి చెబుతున్నట్టు చెప్పాడు. "నీ బండి సప్పుడైంది. నువ్వు లోపలికొచ్చినవు. పని ఒడిసిందనుకున్న బిడ్డా."

"నేను ఇంట్లనే ఉంటిని. ఒక్క మాట నన్ను అడగొద్దా?"

"ఆట మొదలైతుండె."

అంతే. ముప్పై ఏళ్లకు పైగా లైన్ల మీద బతికిన మనిషి. వేరేవాళ్ల ఎల్‌సీ మీద నోరు పెట్టకూడదని షారోన్‌కు మొదటి రోజు చెప్పింది ఆయనే. ఆ సాయంత్రం టీవీ చీకటిగా ఉంటే అన్నీ మరిచిపోయాడు. అవతల రాజేశం ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. గురువు మాట అంటే వాడికి ఆఫీసు ఆర్డరు కంటే ఎక్కువ. షారోన్‌నే వాపస్ ఇయ్యమను కాకా అని అడగడానికి మొహమాటపడ్డాడు. ఇద్దరికీ ఇద్దరు మంచివాళ్లే. వాళ్ల మంచితనం మధ్య ఒకడు పైన ఉండిపోయాడు.

షారోన్‌కు ఆ పొరపాటు అర్థమైంది. దాన్ని ఆమె క్షమించగలదు కూడా. ఆమెకు అర్థం కానిది తర్వాత సంగతి. తెల్లారాక ఎందుకు చెప్పలేదని అడిగింది.

రాజేశం వచ్చి కాళ్లు పట్టుకున్నాడని తోమాసు చెప్పాడు. నీ మాట మీదనే లైను ఇచ్చిన, నా నౌకరి పోతది, పిల్లలు ఆగమైతరు అని ఏడ్చాడట. పోనీ తానే ముందుకొచ్చి చెబుదామా అంటే, మరునాడే స్టీఫెన్ ఫైనల్. ఆటగాని ఆట చూసేటందుకు తండ్రి మనిషిని చంపిండు అని పేపర్లు రాస్తాయి. వాడి పేరు పాడవుతుంది, వచ్చే వేలంలో ఎవరు కొంటారు? షారోన్ అయితే డిపార్టుమెంటు మనిషి, కొన్నాళ్లు పక్కన పెట్టి ఒక ఇంక్రిమెంటు కోసి మళ్లీ తీసుకుంటారులే అనుకున్నాడట. ఇంత దూరం వస్తుందనుకోలేదట.

"అంటె వాని పేరు పెద్దది, నాది చిన్నది," అంది షారోన్. "తక్కెట్ల పెట్టి చూసుకున్నవన్నట్టు."

తోమాసు తల ఎత్తలేదు. కాదని కూడా అనలేదు. ఆమె ఆ కాదు అన్న మాట కోసం ఆగింది. అబద్ధమైనా సరే, అంటే బాగుండేది.

తలుపు తోసుకుని స్టీఫెన్ వచ్చాడు. వాడికి ఎవరో చెవిలో చెప్పినట్టున్నారు. నాకు తెల్వది అక్కా, నాకు తెల్వది అని అదే మాట పదిసార్లు అన్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే వచ్చినట్టు వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆటలో దారి వెతికినట్టే ఇక్కడా వెతకడం మొదలుపెట్టాడు.

బాపును ఈ వయసులో ఠాణాకు పంపుతవా అన్నాడు. నాకేమో ఇంకో మూడు నాలుగేళ్లే ఆట, మోకాలు పోయిన దినం నన్ను ఎవడూ అడగడు, నా పేరు చెడితే ఆ నాలుగేళ్లు కూడా ఉండవు అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. తర్వాత మెల్లగా అసలు మాటకు వచ్చాడు.

"నీ జీతమెంతక్కా? దానికి మూడింతలు నెలనెలకు నేను పంపిస్త. బతికినన్ని దినాలు. రేపు పోయి, యాదిమరిచి వాపస్ ఇచ్చిన అని ఒక్క మాట చెప్పు. గా నౌకరి ఇడిసిపెట్టు. ఎండల, వానల గా స్తంభాలెక్కుడు నీకెందుకు?"

వాడు ప్రేమతోనే అన్నాడు. అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. షారోన్ వాడి మొహం వైపు చూసింది. ఈ మొహానికి తాను ఎన్నిసార్లు నీళ్లు పోసి కడిగిందో. ఇప్పుడు వాడి కళ్లకు తన ఇన్నేళ్ల పని ఎండలో, వానలో పడే ఒక తిప్పలుగా కనబడుతోంది, పైసలిచ్చి తప్పించదగిన తిప్పలు. ఆ చిన్న గదిలో తండ్రీ తమ్ముడూ ఇద్దరి మధ్య నిలబడి, కల్వర్టు మీద కూడా తాను ఇంత ఒంటరిగా లేనని ఆమెకు అనిపించింది.

"నీకు గంత ఎందుకిస్తున్నరని నేను ఎన్నడన్న అడిగిన్నా తమ్మీ?" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు పోయి అవతలోన్ని ముట్టి తిరిగొస్తె దేశమంత చప్పట్లు కొడ్తది. మేము దేన్నీ ముట్టకుంట తిరిగొస్తె ఎవ్వలకు తెల్వది. తెల్వకపోతె పాయె. నాకు చప్పట్లొద్దు, నీ అంత జీతమొద్దు. కని నేను దిగిన అంటెనే దిగినట్టు, గంతే నాకున్న ఇజ్జత్. గా మాట నమ్మి ఓంప్రకాశ్ పైకెక్కిండు. గదాన్ని గూడ కొంటవా?"

బయట గుమ్మడికాయ పాట నడుస్తోంది. స్టీఫెన్ పేరు చెప్పి సదానందమే ఒక పెద్ద మొత్తం పాడేశాడు, జనం ఓ అన్నారు.

షారోన్ తండ్రి దగ్గరికి పోయింది. కింద పడబోతున్న కర్రను తీసి ఆయన చేతిలో పెట్టింది. "నేను ఎవ్వలకు చెప్ప బాపు. రేపు మంచిర్యాలల గూడ నీ పేరు నా నోటికెల్లి రాదు. నేను ఇయ్యలే అని మాత్రం చెప్త, నమ్మితె నమ్ముతరు. నువ్వు చెప్పాల్నంటె నువ్వే చెప్పాలె."

అప్పుడే మైకులో అయ్యగారి గొంతు వినబడింది. చెల్లె భూమిక వచ్చింది, వేలం సొమ్ము గుడి పెద్ద తోమాసు గారి చేతుల మీదుగా అందజేస్తారు, దయచేసి ముందుకు రావాలె అన్నారాయన.

తోమాసు కూతురి వైపు చూశాడు. కర్ర పొడుచుకుంటూ బయటికి నడిచాడు. షారోన్, స్టీఫెన్ వెనకే వచ్చారు. స్టీఫెన్ పెద్దల పక్కన తన కుర్చీలో పడ్డట్టు కూర్చున్నాడు. షారోన్ గోడకు ఆనుకుని నిలబడింది. చివరి చాప దాకా పోవడానికి ఆమెకు ఓపిక లేదు.

భూమిక పీఠం ముందు నిలబడి ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. గుడి ఎరుగదు కనుక చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తోనే పట్టుకుని వచ్చింది. షారోన్‌ను చూసి చూపు తిప్పుకుంది. నెలన్నరగా ఆమె చూపు అలాగే తిరుగుతోంది, అందులో ఆమె తప్పేముంది? అయ్యగారు తోమాసు చేతికి కవరు ఇచ్చారు. తోమాసు దాన్ని ముందుకు చాపగానే భూమిక చెప్పులు కింద పెట్టి ఆయన కాళ్లకు మొక్కడానికి వంగింది. మీ దయ పెద్దబాపు అంది.

తోమాసు రెండడుగులు వెనక్కి వేశాడు. అయ్యగారు పక్కనుంచి, ఆశీర్వదించండి అన్నారు.

"మొక్కకు బిడ్డా," అన్నాడు తోమాసు. ఎదురుగా మైకు ఉన్న సంగతి ఆయన మరిచిపోయాడో, మరిచిపోలేదో. "గా దినం లైన్ ఇయ్యిమని రాజేశానికి ఫోన్ చేసింది నేను. షారోన్ కాదు. నీ పెనిమిటి పైనున్న సంగతి అడగకుంటనే చేసిన. నా కొడుకు ఆట చూసేటందుకు చేసిన."

గుడిలో కోళ్లు రెక్కలు కొట్టుకుంటున్నాయి. షారోన్ కళ్లు మూసుకుంది. నెలన్నరగా ఛాతీ మీద కూర్చున్న బరువు దిగిపోతుందనుకుంది. దిగలేదు. ఆ ముసలి గొంతు మైకులో ముక్కలవడం వింటుంటే ఇంకో బరువు వచ్చి కూర్చుంది.

మొదట తేరుకున్నది సదానందమే. గబగబా వచ్చి మైకు పక్కకు జరిపి, చేతులు జోడించి, గుడిలో దేవుని ముందు చెప్పిన మాట గుడిలోనే ఉండాలె, రేపు విచారణల ఎవ్వలన్న అడిగినా మనకు తెల్వదు, పెద్దమనిషి ఇజ్జత్ మనందరి ఇజ్జత్ అన్నాడు. షారోన్ కళ్లు తెరిచి చూసేసరికి ఒక్కొక్క తలే ఊగుతోంది. ముందు వరుస, నడుమ వరుస, చాపల మీద ఆడవాళ్లు. ఒక్కరు కూడా రేపు మంచిర్యాల రారని, తండ్రి కూడా ఈ తలలను చూసి తెల్లారేసరికి వెనక్కి తగ్గుతాడేమోనని ఆమెకు అనిపించింది.

భూమిక ఏడవలేదు. కవరు తీసుకోలేదు. ఎవరు ఏం చెబుతున్నారో ఆమెకు పట్టినట్టు లేదు. కాసేపు తోమాసునే చూసింది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ పోయి స్టీఫెన్ కుర్చీ ముందు ఆగింది. స్టీఫెన్ లేచి నిలబడ్డాడు. ఆమె కంటే రెండింతల మనిషి, ఆమె ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆ రోజు నుంచి వాళ్ల ఇంట్లో టీవీ పెట్టలేదు, పేపరు వచ్చే ఇల్లూ కాదు. ఆ ఆట ఏమైందో ఆమెకు నిజంగానే తెలియదు.

"గా దినం ఆట నువ్వు గెలిచినవా అన్నా?" అని అడిగింది భూమిక.